నిదానస్తులు కావలెను

"తాతగారూ, రేపటి నుంచి మీరు రానక్కర్లేదండీ."

నడుముకు బెల్టు బిగించుకుంటున్న వాచీ మెకానిక్ తాత చేతులు ఆగిపోయాయి. "ఏం తప్పు చేశానమ్మా?"

"తప్పేం లేదు. వేగంగా నడుస్తున్నారు," అంది ఇంజినీరమ్మాయి.

అడుగులు లెక్కపెట్టే ఆ బెల్టు కుర్రకారు నడిస్తే ఒక్క అడుగూ పొల్లు పోనివ్వదు. నిదానంగా నడిచేవాళ్ల దగ్గరే తడబడుతుంది. పాదం మెత్తగా ఆనితే దానికి అడుగు పడినట్టే తెలియదు. ఆ లోపం సరిచేయడానికే నిదానంగా నడిచే పెద్దవాళ్లను పిలిపించారు. రోజూ ఆ పొడవాటి గదిలో నడిచీ నడిచీ తాత మోకాళ్లు బాగుపడ్డాయి. అదే కొంప ముంచింది.

"కాళ్లు బాగుపడితే గెంటేస్తారా? ఇదెక్కడి న్యాయం!"

బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న టైలరమ్మ ఫక్కున నవ్వింది. ఆవిడదీ తాత ఈడే. తాతకు మాత్రం నవ్వు రాలేదు. ఆ బెంచీ మీద ఆవిడతో చెప్పుకునే కాసిన్ని కబుర్ల కోసమే కదా, ఆయన తెల్లారగానే తయారై కూర్చునేది!

"ఒక్క అవకాశం ఇవ్వు తల్లీ. నత్తకే నడక నేర్పిస్తాను, చూడు."

ఊపిరి బిగబట్టి, ఒక్కో అడుగూ ఆచితూచి వేశాడు. అమ్మాయి లెక్కలో నలభై అడుగులు. బెల్టులోనూ నలభై.

"చూశారా? ఒక్కటీ వదల్లేదు. అదే ఈ బామ్మగారు నడిస్తే నలభైలో ఇరవై కూడా పట్టుకోలేకపోతోంది. మా పాలిట ఆవిడ బంగారం!"

తాత బెల్టు విప్పి ఇచ్చేశాడు. టైలరమ్మ వైపు తిరిగి "వస్తానండీ" అన్నాడు. ఇక రాడని ఇద్దరికీ తెలుసు. చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

గేటు దాటి మలుపు తిరిగాడో లేదో, వెనక టకటకమని చెప్పుల చప్పుడు. ఎవరా అని చూసేలోగా టైలరమ్మ ఆయన్ని దాటేసి, ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయాసమైనా లేదు.

"నేనూ మానేశాను. రేపట్నుంచి పార్కులో నడుద్దాం."

తాత నోరు తెరిచాడు. "మీరు... ఇంత వేగంగా..."

"మీకు నటించడం చేతకాదు మహానుభావా! పాదం ఎత్తకుండా ఈడ్వాలి. మూడు వారాలుగా నేను చేస్తున్నది అదేగా!"