కొట్టేసిన పేరు

చివరి మలుపులో ఎర్ర అట్ట లేచింది.

ఆమె ఎడమచేతికి ఇంకొక్క రబ్బరు బ్యాండే మిగిలింది.

పొద్దున పది వేసుకుంది. భర్త ఒక్కో చుట్టు ముగించగానే ఒక్కోటి కుడిచేతికి మార్చింది. పెళ్ళయి ఇరవై రోజులే. అతనేం చేసినా ఆమెకు ముద్దే, ఈ బాతు నడకతో సహా.

నడక పోటీలో ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉండాలి. రెండూ లేస్తే అది పరుగు. అందరికంటే ముందున్న ఆమె భర్తకు రెండూ లేచాయని ముఖ్య జడ్జీ అయిన తెల్లటోపీ పెద్దాయన ఆ అట్ట చూపి ఆపేశాడు.

జాతీయ జట్టులో చోటు అక్కడే జారిపోయింది.

పోటీ అయ్యాక పెద్దాయన బెంచీ మీద కమలాపండు ఒలుచుకుంటున్నాడు. చొక్కా నిండా దుమ్ము.

"ఎవరికీ కనబడనిది మీకెలా కనబడిందండీ?" అని ఆమె నిలదీసింది.

"నేల మీద బోర్లా పడుకుంటే కనబడుతుందమ్మా."

కళ్ళజోడు మార్చుకోమంది. మొన్ననే మార్చానన్నాడు. అసలు మీరెప్పుడైనా పోటీలో నడిచారా, చేతికందిన గెలుపు పోతే ఎలా ఉంటుందో తెలుసా అని కడిగేసింది.

ఆయన సగం పండు ఆమె చేతిలో పెట్టాడు.

"అబ్బాయికివ్వమ్మా. గొంతెండిపోయి ఉంటుంది."

బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు. ఆమె మొండిగా ఆ చివరి బ్యాండును కూడా కుడిచేతికి మార్చేసుకుంది.

భర్త మెట్ల మీద బూట్లు విప్పుతున్నాడు. ఫిర్యాదు రాద్దాం పదండి అంది.

"వద్దు. లేచాయి," అన్నాడతను. "నాకు తెలుస్తూనే ఉంది."

ఆమె అతని నోట్లో ఒక తొన పెట్టి, బ్యాండును మళ్ళీ ఎడమచేతికి తెచ్చుకుంది.

బయటికెళ్ళే దారిలో విజేతల బోర్డు ఉంది. పాత వరుసలో ఒక పేరును రంగుతో కొట్టేసి, పక్కన ఇంకో పేరు రాశారు.

"ఈయన్ని కూడా ఆ తెల్లటోపీ ఆయనే ఆపేశారా?" అని వాచ్‌మన్‌ని అడిగింది.

ఎవరూ ఆపలేదన్నాడు వాచ్‌మన్. ఏ జడ్జీ అట్ట చూపలేదట. పతకం ఇచ్చారు, బోర్డు మీద పేరూ ఎక్కింది. మూడోరోజు ఆ గెలిచినతనే వచ్చి, చివరి మలుపులో నా పాదాలు రెండూ లేచాయని చెప్పి, పతకం బల్ల మీద పెట్టి, వెంట తెచ్చుకున్న కుంచెతో తన పేరు తానే కొట్టేసుకున్నాడట.

"ఎవరాయన?"

గేటు బయట బస్సు కదిలిన చప్పుడైంది. వాచ్‌మన్ బెంచీ మీద దొరికిన తెల్లటోపీని దులిపి కొక్కేనికి తగిలిస్తూ, "ఇది మరచిపోయి వెళ్ళినాయనే," అన్నాడు.