ఉప్పు తీసేయండి

డాక్టర్ శ్రీకంఠయ్య చిన్న దీపంతో ఓబళప్ప ఎడమ కంట్లోకి చూసి విసుగ్గా వెనక్కి వాలాడు.

"కంటి వెనక నెత్తురు మరకలు ఇంకా పెరిగాయి. రక్తపోటు అక్కడే ఇట్లా కనిపిస్తుంటే గుండెకూ మెదడుకూ ముప్పే. పోయిన నెల చెప్పానుగా, రెండు పూటలా ఉప్పు తీసేయండని?"

"తీస్తానే ఉండాము సామీ," అంది ఓబళప్ప భార్య అక్కయమ్మ.

"తీస్తే ఇట్లా ఉంటుందా? మీ నగర్తపేట షావుకార్లకు నాలుక ముందు, ప్రాణం తర్వాత!"

ఓబళప్పకు రోషం వచ్చింది. "ఏమప్పా డాక్టరూ, కంటద్దాల కోసరం వస్తే గుండె అంటిరి, మెదడంటిరి. ఇంగిలీషు సీమ చదువు చదివినోళ్ళు కూడా దిష్టి నమ్ముతారే అని నేను ఊరుకుంటిని."

"దిష్టా?"

"కాకపోతే ఏమి? పొద్దునా, మాపుటేళా ఇది గుప్పిట్లో ఉప్పు పట్టుకోని, నా చుట్టూ తిప్పి పొయ్యిలో ఏస్తా ఉండాది."

డాక్టర్ పగలబడి నవ్వాడు. "తినే ఉప్పు మానమన్నానయ్యా! మీలాంటి మొద్దులకు వైద్యం చేయడం నాదే బుద్ధి తక్కువ."

అక్కయమ్మ నవ్వలేదు. మొగుడి ఎడమ కంటికేసి చూస్తూ నిలబడిపోయింది.

"రేషను కూడు ఊరగాయ లేకుంటే దిగదని నేనే వడ్డిస్తిని," అంది మెల్లగా.

తర్వాత డాక్టర్ వైపు తిరిగింది.

"కంట్లో చూసి గుండె కనుక్కొంటిరి, మెదడు కనుక్కొంటిరి. మీ మాట మాకు అర్థం కాలేదని ఆ పొద్దు మా మొగాల్లో కనపడలేదా సామీ?"