పాత తుపాకీ బేరం

"ఆ తుపాకీ వద్దమ్మా."

వెనక నుంచి మాట వినబడి ట్రూడీ తిరిగి చూసింది.

హీటరు పక్కన స్టూలు మీద ఒక ముసలాయన. చేతిలో కాఫీ కప్పు, నెత్తిన చెమట మరకల టోపీ.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, స్కూలు బస్సు నడిపి, మధ్యాహ్నమంతా వృద్ధాశ్రమం వంటింట్లో గిన్నెలు తోమి వచ్చిన మనిషి ట్రూడీ. ఇంకొకరి సలహా వినే ఓపిక ఒంట్లో లేదు.

"మిమ్మల్ని అడిగానా?" అంది.

"అడగలేదు. అయినా చెప్తున్నా."

కౌంటరు వెనక తుపాకుల షాపు యజమాని కర్ట్ నల్లగా నిగనిగలాడే కొత్త రైఫిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏడొందల డాలర్లు మేడమ్. ఇంతకన్నా తక్కువలో కొత్తది రాదు. దూరం గురి చూసే స్కోపు తర్వాత నెమ్మదిగా కొనుక్కోవచ్చు."

ట్రూడీ దగ్గరున్నది ఏడొందల యాభై. రెండేళ్ళు కూడబెట్టింది.

ఇన్నాళ్ళూ బావ రైఫిల్ అడిగి తెచ్చుకునేది. ఆయన దాన్ని ఎవరికో అమ్మేసి ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

ఊరి చివర గురి సాధన చేసే రేంజిలో గడ్డి మీద బోర్లా పడుకుని, ఆరొందల గజాల అవతల వేలాడే ఇనప పలకనే చూస్తూ ఊపిరి బిగబట్టే గంట. వారం మొత్తంలో ఆమెకంటూ ఉన్నది అదొక్కటే. ఆ గంటలో ఆమెని ఎవరూ పిలవరు.

"ఉన్నదంతా దీనికే పోసేస్తే, స్కోపు బదులు కళ్ళజోడు పెట్టుకుని కొడతావా?" అన్నాడు ముసలాయన.

కర్ట్ నవ్వాపుకున్నాడు.

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. పాత తుపాకుల వరసలోంచి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

కర్ర నిండా గీతలు. చెయ్యి పట్టే చోట రంగు పూర్తిగా పోయింది.

"ఇదా?" అంది ట్రూడీ.

"షోకేసులో పెట్టుకోడానికా నువ్వు కొనేది? గుండు ఎక్కించే ఆ బోల్టు లాగి చూడు."

లాగింది. నూనెలో జారినట్టు జారింది.

"మిగిలిన డబ్బు స్కోపులో పెట్టు. చందమామని చూపించేది అక్కర్లేదు. దాని మర ఎంత తిప్పితే గురి అంతే కదలాలి. వెనక్కి తిప్పితే బయల్దేరిన చోటికే రావాలి. తతిమ్మావన్నీ షోకులు."

"ఎంత ఇది?" ట్రూడీ కర్ట్‌ని అడిగింది.

"ఐదొందలు."

"మూడొందలు," అన్నాడు ముసలాయన.

కర్ట్ ఆయన వైపు ఎగాదిగా చూశాడు. "ఆర్విడ్, తెలిసే అంటున్నావా?"

"తెలిసే."

"పోనీ నాలుగొందలైనా..."

"మూడొందలన్నానా! రాయి."

కర్ట్ నిట్టూర్చి ఫారం తీశాడు.

ట్రూడీకి అనుమానం వచ్చింది. కర్ట్ అంత సులువుగా దిగాడంటే ఇద్దరూ కూడబలుక్కుని పాత ఇనుము అంటగడుతున్నారేమో.

"ఇందులో మీకెంత ముడుతుంది?" అని మొహమ్మీదే అడిగింది.

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. "ఏదో, కాఫీ ఖర్చుకి," అని నవ్వాడు.

ఉన్న డబ్బులో స్కోపు కూడా రావాలంటే వేరే దారి లేక కొంది. స్కోపు కూడా ఆయన చెప్పినట్టే తీసుకుంది. చట్టప్రకారం కర్ట్ ఫోన్ చేసి ఆమె మీద కేసులేవీ లేవని సరిచూసుకుని, స్కోపు తుపాకీకి బిగించి చేతికిచ్చాడు.

ముసలాయన తలుపు దాకా వెంట వచ్చాడు.

"శనివారం పొద్దున్నే రేంజికి రా. మన మోంటానాలో తుపాకీ కొట్టడం ఎవరికైనా వస్తుంది. గాలిని చూసి గురి మార్చడమే రాదు. అది నేర్పిస్తా."

"నాకు తీరదండీ."

"తీరినప్పుడే రా. నేనుంటాను."

శనివారం ట్రూడీ లేచింది. ఒక కాలికి బూటు తొడుక్కుంది. రెండోది చేతిలో ఉండగానే మంచం మీద ఒరిగి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది.

పోనీలే, మళ్ళీ ఏం అంటగట్టేవాడో అనుకుంది.

తరవాత శనివారాలూ అలాగే గడిచాయి. ఆ పైన మంచు పడింది.

ఏప్రిల్‌లో ఒక్కతే రేంజికి వెళ్ళింది.

దగ్గర్లో స్కోపు గురి సరిచేసుకున్నాక, మొదటి గుండుకే ఆరొందల గజాల పలక ఖంగుమంది. రెండోది, మూడోది కూడా.

ట్రూడీ తలెత్తి తుపాకీ వైపు చూసింది. అలాంటిది ఆమె ఎన్నడూ పట్టుకోలేదు.

ఇంతలో గాలి లేచింది. అదే గురి, అదే ఊపిరి. గుండు మాత్రం జానెడు పక్కన మట్టిలో దిగింది. పెట్టెడు గుండ్లు అయిపోయాయి గానీ పలక మళ్ళీ పలకలేదు.

సోమవారం పని ముగించుకుని నేరుగా షాపుకి వెళ్ళింది. చేతిలో ఒక గిన్నె, అందులో తను చేసిన 'ఆపిల్ పై' అనే తీపి వంటకం.

"ఆర్విడ్ గారు ఎక్కడుంటారు? గాలి సంగతి నేర్పిస్తానన్నారు."

కర్ట్ తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు.

"ఫిబ్రవరిలో పోయాడు మేడమ్. కాన్సరు. మీరొచ్చిన రోజుకే డాక్టర్లు చేతులెత్తేశారు."

ట్రూడీ హీటరు పక్కన ఖాళీ స్టూలు వైపు చూసింది.

"ఆ శనివారం... నా కోసం వెళ్ళారా?"

"ఆ ఒక్క శనివారమేనా? మంచు పడేదాకా ప్రతి వారం వెళ్ళి కూర్చున్నాడు. ఎందుకయ్యా అంటే, 'పాపం అలిసిపోయి ఉంటుంది, ఓపిక చిక్కాక వస్తుందిలే' అనేవాడు."

ఆమె చేతిలోని గిన్నె కౌంటరు మీద పెట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేనాయన్ని బ్రోకరనుకున్నాను కర్ట్. నా తరఫున నీతో అంత గట్టిగా బేరమాడితే, థ్యాంక్స్ కూడా చెప్పలేదు."

"ఆయన బేరమాడింది నాతో కాదు మేడమ్," అన్నాడు కర్ట్ నెమ్మదిగా. "అమ్మిపెట్టమని నా దగ్గర ఉంచిన ఆ తుపాకీ ఆయనదే."