వలలారేసే జాగా

"కింద ఆడోళ్ళొచ్చి కూకున్నారండి. మీటింగు ఇక్కడేనా అని అడుగుతన్నారు," అన్నాడు హాలు వాచ్‌మన్ గురువులు, తలుపు సందులోంచి తల పెట్టి.

మోహనకృష్ణ టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "ఏ ఆడవాళ్ళు?"

"హార్బరు పేటోళ్ళండి. గంగాలమ్మంట. మీరెరుగుదురంట."

ఎరగకేం! వారం వారం ఆయన గేటు ముందు చేపల బుట్ట దించేది ఆవిడే. ఆయన కూతురు పురిటికొచ్చినప్పుడు, బాలింతకి పాలు పడతాయని అడక్కుండానే పాలసొర చేప తెచ్చి, ఎలా వండాలో కూడా చెప్పి వెళ్ళిన మనిషి.

ఆవిడ రాకూడదనే ఆయన ఇవాళ మీటింగు పొద్దున్నే పెట్టించాడు. పడవలొచ్చి వేలంపాట సాగే వేళ పేటలో ఎవరికీ ఊపిరి సలపదు. ద్వారకా నగర్‌లోని ఈ హాలు దాకా ఎవరొస్తారులే అనుకున్నాడు. వేలం వదులుకుని మరీ వచ్చేశారు.

నగర పర్యావరణ కమిటీకి ఆయన కన్వీనరు. స్టీలుప్లాంటులో ఇంజనీరుగా రిటైరయ్యాక ఇష్టపడి నెత్తికెత్తుకున్న పని. చెత్త సముద్రంలోకి పోకుండా, తడిదీ పొడిదీ వేరుచేసే షెడ్డు ఒకటి కట్టించాలన్నది కమిటీ మొదటి పథకం. దానికి ముందు ఎంచిన స్థలం ఆయన కాలనీలోదే. పార్కు వెనక ఖాళీగా పడుంది. ఆ సంగతి పొక్కగానే కాలనీ వాళ్ళు ఆయన ఇంటి మీదకొచ్చారు. "చెత్త తెచ్చి మన గుమ్మంలో పోయిస్తారా? మీరసలు మా మనిషేనా?" అని నిలదీశారు. ఆ ఒక్క మాటకే ఆయన జావగారిపోయాడు. మర్నాటికల్లా షెడ్డు స్థలం మారిపోయింది. హార్బరు పక్కన, పేటవాళ్ళు వలలారేసుకునే జాగాకి. అది పేరుకి సర్కారు భూమి. తాతల నాటి నుంచి వాడకం మాత్రం వాళ్ళది.

"మీటింగు రేపని చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి.

"రేపంటే రేపూ వొత్తారు కదండీ?"

"చెప్పమన్నది చెప్పు."

గురువులు కదిలేలోపే వాడి వెనక గంగాలమ్మ ప్రత్యక్షమైంది. మెట్లెక్కిన ఆయాసంతో నవ్వింది. "బాబూ! మీరున్నారు కదా! ఇంకేటి బెంగ మాకు!"

ఆవిడ పక్కన పోతమ్మ అనే ముసలావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"పేటంతా కూకుని ఒక మాటనుకున్నాం బాబూ. ఆ వలలారేసే జాగాలో షెడ్డు కడతారంట కదా, దాని గురించే. అది మీ అందరికీ సెప్పేసి ఎలిపోతాం."

"ఇవాళ ఆ విషయం లేదు గంగాలమ్మా. వేరే పనులున్నాయి," అన్నాడు మోహనకృష్ణ, ముందున్న కాగితాల వైపు చూస్తూ.

"మరెప్పుడండీ?"

"కబురు చేస్తాను."

"సర్లెండి. కింద కూకుంటాం. ఈలయితే పిలవండి." ఆవిడ అనుమానపడలేదు. అదే ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

తలుపు మూసుకోగానే నర్గీస్ అంది. కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ, కమిటీలో అందరికంటే చిన్నది. "మనం మాట్లాడేది ఆ జాగా గురించే కదండీ? పిలిచి అడుగుదాం."

"అడిగితే ఏం చెప్తారో తెలిసిందే కదమ్మా. ఆ ముసలావిడ ఏడుపు చూడలేదా? గోల మొదలవుతుంది, టీవీల వాళ్ళొస్తారు, షెడ్డు మూలపడుతుంది."

"మీ కాలనీ వాళ్ళ గోల విన్నారు కదా?"

మోహనకృష్ణకి చెవులు వేడెక్కాయి. అవతలి కుర్చీలోని జయంత్, బీచి రోడ్డులో హోటలున్నవాడు, వాచీ చూసుకుని, "ఎందుకండీ నానుస్తారు, రాసేద్దాం," అన్నాడు.

రాసేశారు. జాగా వెంటనే ఖాళీ చేయించాలి, ఎవరైనా అడ్డొస్తే పోలీసు బందోబస్తు తీసుకోవాలి. నర్గీస్ ఒక్కతే చెయ్యెత్తలేదు. మోహనకృష్ణ తలొంచుకుని సంతకం పెట్టాడు.

అందరూ లిఫ్టులో దిగిపోయారు. ఆయన మాత్రం వెనక మెట్ల దారి పట్టాడు, వాళ్ళ కంటబడకుండా పోవచ్చని. సగం దిగాక కిందనుంచి గంగాలమ్మ గొంతు వినపడింది. "బాబు పిలుత్తారే, తొందరపడకండి. బాబు మాటిత్తే మాటే," అని ఎవరికో నచ్చజెబుతోంది.

ఆయన కాళ్ళు ఆగిపోయాయి. ఆ మెట్ల మీద, గోడ పట్టుకుని, దొంగలా నిలబడ్డ తనని తనే చూసుకున్నాడు. ఒళ్ళంతా సిగ్గుతో ముడుచుకుపోయింది. వెనుదిరిగి పైకెక్కి, ముందువైపు మెట్లగుండా దిగి, వాళ్ళ ఎదుటికి వెళ్ళాడు.

ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"నేను అబద్ధం చెప్పాను గంగాలమ్మా," అన్నాడు. "మీటింగు జరిగింది మీ జాగా గురించే. తీర్మానం అయిపోయింది. అక్కడ చెత్త షెడ్డు కడతారు. మీరు అడ్డుపడితే పోలీసులొస్తారు. అసలది మా కాలనీలో పెట్టాల్సింది. నేనే మీ మీదకి తోశాను."

తిడుతుందనే ఎదురుచూశాడు. తిడితే కాస్త తేలికవుతుంది. కానీ గంగాలమ్మ అర్థంకానట్టు ఆయన మొహంలోకే చూస్తోంది. పోతమ్మ మళ్ళీ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"పోలీసులెందుకు బాబూ మామీదకి?" అంది గంగాలమ్మ చివరికి.

ఆయన చూపు నేల మీదకి దిగింది.

"వలేత్తే సేపల కన్నా కవర్లే ఎక్కువ పడతన్నాయి. సముద్రం మా కళ్ళ ముందే సచ్చిపోతంది," అందావిడ. గొంతులో కోపం లేదు, నొప్పే ఉంది. "ఆ జాగా మీ షెడ్డుకి ఇచ్చేత్తామని సెప్పడానికే వొచ్చినాం."