కొత్త అంగడి గుమ్మడికాయ

"మన అంగట్లో కుట్టు మిషన్లు ఎన్ని తల్లీ?"

మా తమ్ముడి కూతురు ప్రణతి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఆరు పెదనాయనా."

"ఇంకో రెండు తెస్తే?"

"పన్నెండు."

"ఆరూ రెండూ పన్నెండా! లెక్కల్లో మీ నాయన మాదిరే ఉండావే," అని నవ్వాను.

"ఆనేకల్‌లో నాయన కొత్త అంగట్లో నాలుగు ఉండాయి కదా! అవీ కలిపితి."

నగర్తపేటలో ఇరవై ఏళ్లుగా మా అన్నదమ్ములిద్దరిదీ ఒకటే టైలరింగ్ అంగడి. ఈ కొత్త అంగడి సంగతి నాకు తెలియదు.

"పూజ అయిందా తల్లీ?"

"సోమవారమే అయింది. గుమ్మడికాయ మామ కొట్టినాడు. నీకు చెప్పొద్దన్నారు."

మా ఇంట్లో ఏ మంచిపనికైనా గుమ్మడికాయ కొట్టేది పెద్దవాడు. మా నాయన పోయాక అది నేనే.

గడప దగ్గర చెప్పులు విడుస్తున్న తమ్ముడు నాగేంద్ర అంతా విన్నాడు. తల ఎత్తలేదు.

"వేరే పోతానంటే నువ్వు ఒప్పుకోవని భయపడితి అన్నా."

"ఒప్పుకునేవాణ్ణి కాదు. రెండు దినాలు నీతో మాట్లాడేవాణ్ణీ కాదు," అన్నాను. "అయినా పూజకు పిలిచింటే, నేనే వచ్చి కాయ కొట్టుంటాను కదప్పా."