పాప పేరు ఎదుట సంతకం

ఉదయం పదిన్నరకు, బడిలో తల్లిదండ్రుల సంఘం సమావేశానికి వచ్చిన బస్సు కండక్టరు రిజిస్టరులో సంతకం పెట్టబోయి ఆగింది. గత మూడు సమావేశాల్లోనూ ఆమె కూతురి పేరు ఎదుట ఎవరో సంతకం పెట్టారు.

“నేను రావడం ఇదే మొదలు. ఎవరండీ ఈ సంతకాలు పెట్టింది?” అని టీచరును అడిగింది.

“మీ అత్తగారేగా!”

అత్తాకోడళ్లకు రెండేళ్లుగా మాటల్లేవు.

“పాపకి నామీద ఏం నూరిపోసింది?”

“పాపకి కనిపించనే కనిపించరండీ. ‘మా కోడలికి సెలవివ్వరు, పట్టించుకోని తల్లి అనుకోకండి’ అని చెప్పి, పాప చదువు సంగతి అడిగి వెళ్తారు.”

అంతలో అత్తగారు గుమ్మంలోకి వచ్చి, కోడల్ని చూసి నిలబడిపోయింది.

“సెలవెలా దొరికింది? ఉద్యోగం ఊడగొట్టుకున్నావా ఏంటి?”

“లేదత్తయ్యా. రండి, ఇంకా మొదలవలేదు.”

కోడలు బెంచీ మీద పక్కకు జరిగింది. అత్తగారు కూర్చుంది.