రేపటి జ్వరం

రేపు రాబోయే జ్వరాన్ని ఇవాళే పసిగట్టే తలుపులు ఊరంతా వచ్చాయి. పనికెళ్ళేవాళ్ళ పిల్లల్ని తన ఇంట్లో చూసుకునే వరహాలమ్మ గుమ్మానికీ ఒకటి బిగించారు. అది హేమ కూతుర్ని లోపలికి రానివ్వలేదు.

“ఒళ్ళు చల్లగానే ఉంది కదా పిన్నీ. ఆఫీసుకి లేటైపోతోంది,” అంది హేమ.

“నాతో అంటే ఏం లాభం? తలుపుతో చెప్పుకో,” అంటూనే వరహాలమ్మ మనసొప్పక బయటికొచ్చి పిల్లని ఎత్తుకుంది.

వెనక తలుపు మూసుకుంది. రేపు ఆమెకీ జ్వరమేనట, ఎంత బాదినా తెరుచుకోలేదు. లోపల ఐదుగురు పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

హేమ తలుపు దగ్గరికి వెళ్ళగానే అది తెరుచుకుంది.

“నువ్వే వెళ్ళు. లోపల బుజ్జిగాడి ఒళ్ళు కాలిపోతోంది, తడిగుడ్డ వెయ్యి,” అంది వరహాలమ్మ మెట్టు మీద కూలబడుతూ.

“మరి వాణ్ణెలా రానిచ్చింది?”

“వాడికి రేపటికి తగ్గిపోతుందట.”